చెల్లెలికి మేకప్ సామాను: ఏది కొనాల, ఏది వద్దు?

ప్రశ్న: వచ్చే వారం చెల్లెలి పుట్టినరోజు. 1,500 లోపల, గాంధీ రోడ్డులో తీసుకుందామని ఉండాను. పాపది చామనఛాయ. మొహానికి పూసే ఫౌండేషన్, లిప్‌స్టిక్, కాటుక కలిసిన సెట్టు సరిపోతుందా?

జవాబు: ఫౌండేషన్ జోలికి పోవద్దన్నా. మనిషిని పక్కన పెట్టుకుని, దవడ అంచున రెండు మూడు షేడ్లు గీసి, బయట పగటి వెలుతురులో చూసి కొనేది అది. అర చేతి మీద చూస్తే తప్పుతాది, షాపు లైట్ల కింద ఇంకా తప్పుతాది. షేడ్ మరీ లేతదైతే మొహం బూడిద పూసినట్టు ఉంటాది. మచ్చలు కప్పే కన్సీలరూ అంతే.

లిప్‌స్టిక్ కొను. ఆ పాప వాడేదాని అడుగున స్టిక్కరు మీద షేడ్ పేరు, నంబరు ఉంటాయి, ఫోటో తీసుకో. దొరక్కపోతే ఇటుక రంగు, లేదంటే మెరూన్. చర్మం రంగులో ఉండే మరీ లేత న్యూడ్ వద్దు, పెదాలు పాలిపోయినట్టు కనిపిస్తాయి.

ఇంకో జవాబు: పెద్ద సెట్టు డబ్బు దండగ, అందులో వాడేది నాలుగు రంగులే. గడువు తేదీ, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు చూడు. మూత తెరిచిన డబ్బీ బొమ్మలో 12ఎం అనుంటే, తెరిచాక 12 నెలల్లోపల వాడాలని. వాటర్‌ప్రూఫ్ కాటుక ఉత్త నీళ్లకు పోదు, మేకప్ తుడిచే రిమూవర్ కూడా కొనాల.

మరొకరు: బిల్లు దాచు, సీలు విప్పితే మార్చరు. ఈ ఎండల్లో బండి డిక్కీలో పెట్టొద్దబ్బా, లిప్‌స్టిక్ మెత్తబడి వంగిపోతాది.

అడిగినవారు: సరే, లిప్‌స్టిక్, కాటుక, రిమూవర్. ఫౌండేషన్‌కు చెల్లెల్నే తీసుకుపోతా.