హనాబీలో పక్కవాళ్లకి ఎంతవరకు సాయం చెయ్యొచ్చు?

నాగావళి_గట్టు (రాయగడ):
నలుగురం హనాబీ ఆడుతున్నాం. ఇది అందరూ ఒకే జట్టుగా ఆడే పేకాట: ఎవరి ముక్కలు వాళ్లకి కనబడవు, మిగతావాళ్లకే కనబడతాయి. ఒకరికొకరు క్లూలు ఇచ్చుకుంటూ ఒక్కో రంగులో 1 నుంచి 5 వరకు వరసగా బల్లమీద పేర్చాలి, పేర్చిన ముక్కకి ఒక పాయింటు, అన్నీ పేరిస్తే 25. ఇద్దరు తెలుగువాళ్లు, ఇద్దరు ఒడియావాళ్లు. క్లూ ఇచ్చేటప్పుడు రంగో అంకో ఒక్కటే చెప్పాలని అందరికీ తెలుసు. తగువంతా మిగతా మాటల దగ్గరే. ఒకరు ముక్క పారెయ్యబోతుంటే ఎదురుగా ఉన్నవాళ్లు "అయ్యో" అంటారు, ఆ చెయ్యి ఆగిపోతుంది. ఇది దొంగాట కాదా? పాత క్లూ మర్చిపోయినవాళ్లకి గుర్తు చెయ్యొచ్చా? ఆటకి ముందే "ఇలా చెబితే ఇలా అర్థం" అని మాట్లాడుకోవచ్చా? స్కోరు కూడా 17, 18 దాటడం లేదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బరంపురం_బల్ల:
ఒక్క కొలత పెట్టుకోండి: టోకెన్ (క్లూ ఇస్తే ఒకటి పోతుంది, ముక్క పారేస్తే ఒకటి తిరిగొస్తుంది) ఖర్చు కాకుండా ఒకరికి తన చేతి ముక్కల గురించి కొత్త సంగతి తెలిసిందా? తెలిస్తే తప్పే. "అయ్యో" ఆ లెక్కన పూర్తిగా తప్పు. ఒకరి చెయ్యి ముక్క మీదికి వెళ్లగానే మిగతా ముగ్గురూ పారేసిన ముక్కల కుప్ప వైపు చూడాలి, ముక్క బల్లని తాకేదాకా నోరు విప్పకూడదు. ఇంకో సంగతి, ఎప్పుడూ అయ్యో అనేవాళ్లు ఒకసారి అనకపోతే "పర్వాలేదు, పారెయ్" అన్నట్టే. అందుకే అలవాటుగా కూడా అనకూడదు.

క్లూ చెప్పే తీరూ ముఖ్యమే. ఎడమ నుంచి కుడికి ఒకే వేగంతో వేలు పెట్టి చూపిస్తూ "ఇది, ఇది, ఎరుపు" అనాలి. రెండో ముక్క దగ్గర వేలు ఒక్క క్షణం ఎక్కువ ఆగినా, "ఒక్కటే ఎరుపు!" అని గొంతు లేపినా అది రెండో క్లూ కింద లెక్క. మీ బల్ల దగ్గర రెండు భాషలు ఉన్నాయి కాబట్టి రంగులూ అంకెలూ ఏ భాషలో చెప్పాలో ముందే తేల్చుకోండి. ఆటంతా తెలుగులో చెప్పి ఒక్క క్లూ ఒడియాలో చెబితే అందరికీ అదేదో ప్రత్యేకమని అర్థమైపోతుంది.

క్లూ ఇచ్చేవాళ్లు ఒక ముక్క చూపించడం మర్చిపోతే మాత్రం మిగతావాళ్లు వెంటనే అడ్డుపడాలి. చెప్పిన రంగు ముక్కలన్నీ చూపించి తీరాలి. పసుపు బల్బు వెలుతురులో తెలుపూ పసుపూ ఒకేలా కనిపించి ఈ పొరపాటు తరచూ జరుగుతుంది, తెల్ల లైటు కింద ఆడండి. "నీ దగ్గర ఎరుపు అసలు లేదు" అనే క్లూ ఒప్పుకోవాలా వద్దా అన్నదీ పంచకముందే అనుకోండి.

పర్లా_పేక:
ముందే ఒప్పందాలు పెట్టుకోవడం దొంగాట కాదు బాబూ, అసలు ఆట అక్కడే ఉంది. నలుగురికీ తెలిసుండాలి, అంతే. ఇద్దరికే తెలిస్తే అది దొంగాట.

ముందు లెక్క చూడండి. మొత్తం 50 ముక్కలు, అయిదు రంగులు. ఒక్కో రంగులో 1లు మూడు, 2, 3, 4 రెండేసి, 5 ఒక్కటే. నలుగురికి నాలుగేసి పంచితే కట్టలో 34 మిగులుతాయి. స్కోరుకి కట్టలో మిగిలినవి, ఆటగాళ్ల సంఖ్య కలిపి 25 తీసెయ్యండి. మొదట్లో 0+34+4−25, అంటే 13. పారేసినవీ తప్పుగా ఆడినవీ కలిపి 13 దాటితే 25 రాదు. మధ్యలో స్కోరు 11, కట్టలో 15 ఉంటే ఇంకా 5 మాత్రమే వదులుకోవచ్చు. ఇప్పుడు క్లూలు చూడండి: మొదట్లో ఉండే టోకెన్లు 8, పారేస్తే వచ్చేవి 13, 5 పూర్తయినప్పుడు తిరిగొచ్చేవి 4 (చివరి 5 పడేసరికి ఆటే అయిపోతుంది). మొత్తం 25 ముక్కలకి 25 క్లూలు. కాపాడటానికి కొన్ని ఖర్చవుతాయి కాబట్టి ఒక్కో క్లూ రెండు ముక్కలకి పనికిరావాలి. ఆట మొదట్లో ఒకరి చేతిలో వేరు వేరు రంగుల 1లు రెండుంటే "1" అని చెప్పడం కంటే మంచి క్లూ లేదు.

మీ స్కోరు 17 దగ్గర ఆగడానికి కారణం పారేసే పద్ధతి లేకపోవడమే అనుకుంటాను. ఎరుపు 3లు రెండూ కుప్పలో పడితే ఎరుపు 2 దగ్గరే ఆగుతుంది, ఒక్కసారిగా మూడు పాయింట్లు పోతాయి. ఇలా చెయ్యండి. కొత్త ముక్క ఎప్పుడూ మీ ఎడమ చివర చేరాలి. పారేసేది కుడి చివర నుంచి, ఇంకా క్లూ పడని ముక్క. అప్పుడు మీ చేతిలోంచి తర్వాత పోయేది ఏదో మిగతా ముగ్గురికీ తెలుస్తుంది. అది 5 అయినా, జతలో రెండోది ఇప్పటికే కుప్పలో పడినా, లేదా ఇంకెక్కడా కనిపించని 2 అయినా క్లూ ఇచ్చి ఆపాలి. మిగతావి ఒగ్గేయండి, పోతే పోనీ.

చదివే పద్ధతి: క్లూ కుడి చివరి ముక్కకి తగిలితే "దీన్ని దాచు" అని, తగలకపోతే కొత్తగా తగిలినవాటిలో ఎడమది "ఆడు" అని అర్థం. బల్లమీద ఆకుపచ్చ 2 ఉంది, మీవాడి ఎడమ నుంచి రెండోది ఆకుపచ్చ 3, కుడి చివరిది ఆకుపచ్చ 4 అనుకోండి. "ఆకుపచ్చ" అంటే అతను 4ని దాచుకుని కూర్చుంటాడు. "3" అనండి, వెంటనే ఆడతాడు.

పదమూడు ముక్కలాట అలవాటున్నవాళ్ల చేతులు ఊరికే ముక్కలు సర్దేస్తుంటాయి. ఇక్కడ వరస చెదిరిందంటే ఒప్పందమంతా పోయినట్టే.

జైపూర్_కొండ:
పర్లా అన్నగారి మాటే నా మాట, గుర్తు చెయ్యడం గురించి మాత్రం ఆయన రాయలేదు. అడిగితే ఇచ్చిన క్లూ ఉన్నదున్నట్టు చెప్పొచ్చని మీ నలుగురూ ఒప్పుకోవడమే మంచిది. "నీ రెండో ముక్కకి 3 అని చెప్పారు" వరకు సరే. "3 కదా, ఇంకా చూస్తావేం?" కూడదు. అడగకుండా చెప్పడం అసలే వద్దు, ఎందుకంటే ఏ ముక్క గురించి గుర్తు చేశారన్నదే సైగ అవుతుంది. క్లూ పడ్డ ముక్కని అర అంగుళం పైకి లేపి పట్టుకుంటే సగం ప్రశ్నలు ఉండవు, వరసా చెడదు.

పర్లా_పేక:
పైకి లేపడం నాకూ ఇష్టమే. అడిగి చెప్పించుకోవడం కొత్తవాళ్లకే ఉంచండి. గుర్తుపెట్టుకోవడం ఈ ఆటలో సగం పని, దాన్ని తీసేస్తే ఏం మిగిలింది?

నాగావళి_గట్టు:
అందరికీ నమస్కారం, చాలా స్పష్టంగా ఉంది. ఇంకో రెండు. 8 టోకెన్లూ ఉన్నప్పుడు క్లూ ఇవ్వడానికి ఏమీ లేకపోతే పారెయ్యొచ్చా? ద క్రూ అని ఇలాగే జట్టుగా ఆడే ఇంకో పేకాట ఉంది కదా, అందులో కూడా ఇవే పద్ధతులా?

బరంపురం_బల్ల:
8 ఉంటే పారెయ్యడం కుదరదు, క్లూ ఇవ్వాలి లేదా ఆడాలి. అప్పుడు ఇంకా క్లూ పడని 5కి చెప్పెయ్యండి, వృథా పోదు.

ద క్రూలో సాయం ఇంకా తక్కువ. ఒక మిషన్‌కి (అంటే ఒక్కో ఆటకి) ఒక్కొక్కరికి ఒక్కసారే, పట్టు మొదలయ్యే ముందు, ఒక రంగు ముక్కని అందరికీ కనబడేలా ముందు పెట్టి టోకెన్ ఉంచాలి. టోకెన్ పైభాగంలో ఉంటే ఆ రంగులో మీ దగ్గరున్న పెద్దది, మధ్యలో ఉంటే ఉన్నది అదొక్కటే, కింద ఉంటే చిన్నది. ఈ మూడింటిలో ఏదీ కాని ముక్క చూపించకూడదు, రాకెట్ ముక్కలు (తురుపులు) అసలు చూపించకూడదు. చూపించిన ముక్క మీ చేతిలోదే, ఎప్పుడైనా ఆడుకోవచ్చు. తర్వాత మీ చేతిలో పరిస్థితి మారినా టోకెన్ జరపకూడదు.