గుండె పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి, అయినా సైకోథెరపీకి వెళ్లమంటున్నారు. ఎందుకు?

మారతహళ్లి అక్క (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా, బెంగళూరులో స్థిరపడి చాలా కాలమైంది. మా తమ్ముడు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తూ మా ఇంట్లోనే ఉంటున్నాడు. కొన్ని నెలల క్రితం ఆఫీసు నుంచి వస్తూ సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో క్యాబ్ నిలిచిపోయినప్పుడు అతనికి ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఊపిరాడని బాధ మొదలై, ఇక ప్రాణం పోతోందన్నంత భయం వేసిందట. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకువెళ్లాము. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ పరీక్షలన్నీ మామూలుగానే వచ్చాయి. ఆ తరువాత కూడా అలా చాలాసార్లు వచ్చింది. ఇప్పుడు అతను ఒంటరిగా క్యాబ్ గానీ మెట్రో గానీ ఎక్కడం లేదు. నేనో మా వారో వెంట ఉండవలసిందే.

సైకోథెరపిస్టును కలవమని గుండె డాక్టరు గారు సలహా ఇచ్చారు. ఆ మాట వినగానే అమ్మ, "సంబంధాలు చూస్తున్న సమయంలో వాడికి పిచ్చని ముద్ర వేస్తారా" అని ఏడ్చి, ఊరికి తీసుకువస్తే దిష్టి తీయిస్తానంటోంది. తమ్ముడేమో, "గంటసేపు కూర్చుని మాట్లాడితే గుండె దడ ఎలా తగ్గుతుంది?" అని అడుగుతున్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నివాసి:

అక్కా, నేను థెరపీకి వెళ్లిన కారణం వేరు. నాకు ఏ జబ్బూ లేదు. బిడ్డ పుట్టాక ఉద్యోగంలో తిరిగి చేరిన తరువాత ఇంట్లో ప్రతి చిన్న విషయానికీ గొడవ జరిగేది, ఆ గొడవ ముగిసిన తరువాత నా మీద నాకే అసహ్యం వేసేది. ఎవరికి చెప్పుకున్నా సర్దుకుపొమ్మనేవారు. సర్దుకుపోవడం నాకు ముందే బాగా వచ్చు, అసలు చిక్కు అక్కడే ఉందని థెరపీలో కొంతకాలం గడిచాక గాని అర్థం కాలేదు. అక్కడి వెయిటింగ్ హాలులో నాకు కనిపించినవారిలో పరీక్షల భయంతో వచ్చిన కాలేజీ పిల్లలు, తోడు కోల్పోయిన పెద్దవారు, మాట్లాడుకోవడం మానేసిన భార్యాభర్తలు ఉండేవారు. అంతవరకూ తమను నెట్టుకొచ్చిన పద్ధతులు ఇక పనిచేయడం లేదని గ్రహించినవారే వారిలో ఎక్కువమంది అని నా అభిప్రాయం.

ఇంకొక్క మాట. తెలుగు మాట్లాడే థెరపిస్టును వెతకండి. ఆఫీసు ఒత్తిడి గురించి నేను ఇంగ్లీషులో చక్కగానే చెప్పగలిగాను గానీ, మా నాన్న మీద నాకున్న కోపం గురించి మాత్రం తెలుగులో తప్ప చెప్పలేకపోయాను. ఈ ఊళ్లో తెలుగు వచ్చినవారు దొరకడం పెద్ద కష్టమేమీ కాదు.

మనసు వైద్యం:

అమ్మా, నేను బెంగళూరులోనే క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మీ తమ్ముడిని చూడకుండా అతనికి ఉన్నది ఇదీ అని తేల్చి చెప్పడం సరికాదు. అయితే మీరు వర్ణించినలాంటి ఘటనను పానిక్ అటాక్ అంటారు. అవి పదే పదే వస్తూ, మళ్లీ వస్తాయేమోనన్న భయంతో మనిషి తిరగడం, ప్రయాణించడం మానుకుంటూ ఉంటే దానిని పానిక్ డిజార్డర్‌గా పరిగణిస్తారు. ముందుగా గుండె, థైరాయిడ్ పరీక్షలు చేయించడం సరైన క్రమమే.

దడ మాటలతో ఎలా తగ్గుతుందన్న ప్రశ్న చాలా మంచి ప్రశ్న. దీనికి 1986లో డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ఇచ్చిన వివరణను మేము నేటికీ వాడుతున్నాము. నిద్ర చాలకపోవడం వల్లనో, కాఫీ ఎక్కువైనందువల్లనో గుండె కాస్త వేగంగా కొట్టుకున్నప్పుడు, మనిషి దానిని గుండెపోటుగా అర్థం చేసుకుంటాడు. ఆ భయానికి శరీరంలో అడ్రినలిన్ అనే హార్మోను పెరిగి దడ మరింత హెచ్చుతుంది. హెచ్చిన దడ తన అనుమానం నిజమేనని అతనికి రుజువుగా కనిపిస్తుంది. ఈ వలయం సాధారణంగా కొద్ది నిమిషాలలోనే తారస్థాయికి చేరి, తరువాత దానంతట అదే దిగిపోతుంది. కానీ ఈలోగా అతను క్యాబ్ దిగిపోతాడు, నీళ్లు తాగుతాడు, అక్కకు ఫోన్ చేస్తాడు, ఆ పనుల వల్లనే బతికి బయటపడ్డానని నమ్ముతాడు. అందువల్ల ఎన్నిసార్లు ఏమీ కాకుండా బయటపడినా అతని భయం మాత్రం తగ్గదు.

ఇలాంటి భయానికి ఇచ్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్సలో, చేసేది ఒట్టి ఓదార్పు కాదు. ఈ వలయాన్ని అతని సొంత అనుభవంతోనే కాగితం మీద గీయించి, ఆ తరువాత నిలుచున్న చోటనే పరుగెత్తించడం, కుర్చీలో గిరగిర తిప్పడం, సన్నని స్ట్రా గుండా ఊపిరి తీయించడం వంటి పనులతో దడనూ తల తిరగడాన్నీ గదిలో కావాలనే పుట్టిస్తాము. అవి ఎంత ఎక్కువైనా ప్రాణాపాయం జరగదని అతనే గమనించాక, తక్కువ దూరాల ప్రయాణాలతో మొదలుపెట్టి, క్రమంగా సిల్క్ బోర్డు వరకు తీసుకువెళతాము. చాలామందికి వారానికి ఒకటి చొప్పున, సుమారు ముప్పావు గంట నుంచి గంట వరకు సాగే 10 నుంచి 15 సెషన్లు సరిపోతాయి. కొందరికి మందులు కూడా అవసరమవుతాయి. వాటిని మానసిక వైద్యుడైన సైకియాట్రిస్టు రాస్తారు గానీ సైకాలజిస్టులు రాయరు.

సమస్యను బట్టి పద్ధతి మారుతుంది. పదే పదే చేతులు కడుక్కునేవారిని ఆ కోరికకు లొంగకుండా ఉండేటట్టు సాధన చేయిస్తాము. డిప్రెషన్‌లో ఆగిపోయిన పనులను చిన్న మోతాదులో తిరిగి మొదలుపెట్టిస్తాము. చిన్ననాటి సంబంధాల నుంచి వచ్చిన చిక్కులకు నెలల తరబడి సాగే చికిత్సలు ఉన్నాయి. అందరికీ గుణం కనిపిస్తుందని నేను చెప్పను. కొన్ని వారాలు గడిచినా ఏ మార్పూ లేకపోతే ఆ సంగతి థెరపిస్టునే అడగాలి, అవసరమైతే మారాలి.

విశ్రాంత ఉపాధ్యాయుడు:

మా రోజులలో ఉమ్మడి కుటుంబంలో మేనమామో పెద్దమ్మో ఈ పని చేసేవారు. నలుగురి మధ్య పెరిగిన మనిషికి ఇప్పుడు మాట్లాడడానికి గంట లెక్కన డబ్బు కట్టవలసి రావడం నాకు మింగుడు పడడం లేదు. దిష్టి తీయించడం వల్ల నష్టమేమీ లేదు కదా అని కూడా అనిపిస్తుంది.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నివాసి:

మాస్టారూ, దిష్టి తీయించుకుని తరువాత థెరపీకి వెళ్లినా ఎవరూ వద్దనరు. అయితే మేనమామకు చెప్పిన సంగతి సంక్రాంతి నాటికి ఊరంతా తెలుస్తుంది. పైగా ఆ గొడవలో ఆయనకూ ఒక పక్షం ఉంటుంది. నా జీవితంలో ఏ లాభనష్టమూ లేని మనిషి ముందు మాట్లాడడం వల్లనే నేను దాచకుండా చెప్పగలిగాను.

జయనగర్ నాల్గవ బ్లాక్:

అక్క గారికి ఈ ఊరికి సంబంధించిన వివరాలు కొన్ని చెబుతాను. హోసూరు రోడ్డులోని ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఔట్‌పేషెంట్ విభాగంలో ముందు డాక్టర్లు పరీక్షించి, అవసరమైనవారిని థెరపీకి పంపుతారు. ఖర్చు ప్రైవేటు క్లినిక్‌ల కన్నా బాగా తక్కువ, కానీ ఉదయమే వెళ్లి ఓపికగా కూర్చోవలసి ఉంటుంది. ఆసుపత్రి వాతావరణానికి జంకేవారి కోసం బీటీఎం లేఅవుట్‌లో ఆ సంస్థకే చెందిన వెల్‌బీయింగ్ కేంద్రం ఉంది. ముందు ఫోన్‌లో మాట్లాడి చూడాలనుకుంటే 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

ప్రైవేటుగా చూపించుకునేటట్టయితే, క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకునేవారికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. కొద్ది రోజుల కోర్సు చేసి కౌన్సెలర్ బోర్డు పెట్టుకున్నవారు ఈ నగరంలో తక్కువేమీ లేరు. అడిగినందుకు నొచ్చుకునే మనిషి అయితే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే మంచిది.

మీ అమ్మ గారి భయం గురించి: 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచవలసిందే. తనకో ఇతరులకో హాని జరుగుతుందన్న పరిస్థితి వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉంటాయి. ఇక పెళ్లివారికి ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది మీ తమ్ముడు నిర్ణయించుకోవలసిన విషయం.

మారతహళ్లి అక్క:

అందరికీ కృతజ్ఞతలు. తమ్ముడికి ఇవన్నీ చదివి వినిపించాను. మనసు వైద్యం గారూ, అపాయింట్‌మెంట్ నేనే తీసుకోవచ్చా? అప్పటివరకు అతని వెంట వెళ్లడం మానేయాలా?

మనసు వైద్యం:

ఫోన్ అతనే చేస్తే మంచిది, ఎందుకంటే తన ఇష్టంతో వచ్చినవారికే ఈ సాధన నిలుస్తుంది; నంబరు వెతికి ఇవ్వడం వరకు మీరు చేయవచ్చు. మొదటి రోజు మీరు కూడా వెళ్లండి, ఇంట్లో జరుగుతున్నది థెరపిస్టుకు తెలుస్తుంది. తోడు వెళ్లడాన్ని మాత్రం ఇప్పటికిప్పుడు ఆపకండి. మీరు పక్కన ఉండడం కూడా అతని భయాన్ని నిలబెడుతున్న అలవాట్లలో ఒకటన్నది నిజమే, కానీ దానిని ఏ వారంలో, ఎంత దూరం వరకు తగ్గించాలన్నది థెరపిస్టు అతనితో కలిసి థెరపీ గదిలో కూర్చుని వేసుకునే ప్రణాళికలో భాగం. ఈలోగా అతనికి దడ వచ్చినప్పుడు, "ఏమీ కాదు, ఏమీ కాదు" అని పదే పదే అనకుండా, వీలైతే క్యాబ్ దిగనివ్వకుండా పక్కన కూర్చోండి.