ఫోను చెప్పిన పేరు లెక్కలోకి వస్తుందా?

పెరటిచెట్టు:
గింజల పళ్ళెం దగ్గరకు కొన్నాళ్ళుగా ఒక గువ్వ ఒంటరిగా వస్తోంది. కుడి కాలికి ఒక వేలు లేదు కాబట్టి ఎప్పుడు వచ్చినా అదేనని తెలుస్తుంది. ఒళ్ళంతా లేత గోధుమ రంగు, మెడ మీద ఏ గుర్తూ లేదు. ఫొటో చూపిస్తే ఫోను నిన్న ఒక పేరు చెప్పింది, ఇవాళ ఇంకో పేరు. ఇలా తెలిసిన పేర్లను నేను చూసిన పక్షుల జాబితాలో రాసుకోవడం సబబేనా?

రెక్కలచప్పుడు:
సబబు కాదు. ఫొటో చూసి పక్షి పేరు చెప్పే మెర్లిన్ అనే యాప్‌లో కూత విని చెప్పే సౌకర్యం కూడా 2021లో వచ్చింది. ఆ యాప్‌ను తయారుచేసిన అమెరికాలోని కార్నెల్ పక్షుల ప్రయోగశాల వారే, జనం తాము చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌నూ నడుపుతున్నారు. తెర మీద కనిపించిన పేరును ఉన్నదున్నట్టు నమోదు చేయవద్దని, స్వయంగా నిర్ధారించుకోమని చెబుతున్నదీ వారే. గోరువంక ఇతర పక్షుల కూతలను అనుకరిస్తుంది, ఫోను మోసపోవచ్చు. 2002 నుంచి ఈబర్డ్‌లో పోగవుతున్న జాబితాలను బట్టే ఏ పక్షి తగ్గుతోందో అంచనా వేస్తున్నారు. మన పెరటి పొరపాటు ఆ లెక్కలోకీ వెళ్తుంది.

గువ్వలకు మెడే ఆనవాలు. మెడ వెనుక నల్లటి పట్టీలో తెల్ల చుక్కలుంటే చుక్కల గువ్వ. నల్లని అర్ధచంద్రం లాంటి గీత ఉంటే కంఠపు గువ్వ. గొంతు కింద ఇటుక రంగు మీద నల్లటి గళ్ళుంటే చిన్న గువ్వ. ఈ చూపు అలవాటైతే ఫోను తీయాలనే అనిపించదు.

సాయంవేళ:
నాకు అరవై ఎనిమిదేళ్ళు. సన్నని కూతలు చెవికి అందడం మానేసి చాలా కాలమైంది. పళ్ళెం పక్కన చెట్టులో పిట్ట ఉందని నాకు చెప్పేది ఫోనే. పేరు కనిపించగానే ఆ కొమ్మల్లో వెతుకుతాను, చాలాసార్లు దొరుకుతుంది కూడా. ఈ వయసులో కొత్త పిట్టను చూసే భాగ్యం దానివల్లే కలిగింది. దాన్ని తీసిపారేస్తే నాకు బాధగా ఉంటుంది.

కొత్తఈక:
తప్పు రాస్తే తర్వాత దిద్దుకోవచ్చు కదా. మొదటి రోజే ఇంత భయపెడితే కొత్తవాళ్ళు పుస్తకం తెరవరు.

రెక్కలచప్పుడు:
సాయంవేళ గారూ, మీరు పేరు చూసి తల ఎత్తారు, కొమ్మ కొమ్మా వెతికారు. నేను అడుగుతున్నదీ అదే. తల ఎత్తకుండా రాసేయడం మీదనే నా అభ్యంతరం. కొత్తఈక గారూ, దిద్దాలంటే ముందు తప్పని తెలియాలి, చూడని పిట్ట విషయంలో అది ఎలా తెలుస్తుంది?

పెరటిచెట్టు గారూ, మీది పిల్ల గువ్వేమో. చుక్కల గువ్వ పిల్లలకు మెడ మీద చుక్కలు ఉండవు. ప్రస్తుతానికి 'గువ్వ' అని మాత్రం రాయండి. జాతి తేలనప్పుడు ఈబర్డ్‌లోనూ అలా నమోదు చేసే వీలుంది.

పెరటిచెట్టు:
'గువ్వ, తేలలేదు' అని రాసి ఉంచాను. ఏడు వారాలైంది. ఇవాళ పొద్దున వేలు లేని గువ్వ గింజ కోసం తల వంచినప్పుడు మెడ వెనుక నాలుగైదు నల్లటి ఈకలు కనిపించాయి. ఒక్కోదాని కొసన తెల్ల చుక్క. ఫోను లోపలే ఉండిపోయింది. పాత పేజీ తీసి, ఆ తేదీ పక్కన పేరు రాశాను.