నాయనకి చేప నూనె మాత్రలా, కవళ్ల పులుసా?

పెన్నాగట్టు (నెల్లూరు):
మా ఇంట్లో వారం నుంచి ఒకటే గొడవ. హైదరాబాదులో ఉండే మా చెల్లెలు నాయనకి చేప నూనె మాత్రల డబ్బా పంపింది. రోజుకు రెండు వేసుకోమంటుంది. నాయనకి 64 ఏళ్లు, పోయిన ఏడాది గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఒక రకం కొవ్వు) ఎప్పుడూ ఎక్కువే. అమ్మ ఆ డబ్బా తీసి అటక మీద పెట్టేసింది. "మైపాడు చేపలు వీధిలోకే వస్తుంటే ఈ గుళికలెందుకురా" అంటది. నాయన ఇద్దరికీ సరే అంటాడు, అదీ సంగతి. వాడినవాళ్లుంటే చెప్పండి.

కొత్తపట్నం కెరటం:
అమ్మ మాటే నా మాట. కాకపోతే ఏ చేప అన్నది చూసుకోవాలి. మనోళ్లకి చేపంటే వంజరం, చందువ. చుట్టాలొస్తే కొరమీను. ఈ మాత్రల్లో ఉందని చెప్పే ఒమేగా-3 అనే కొవ్వు బాగా ఉండేది మాత్రం కవళ్లలో, కానాగంతల్లో. చెరువు బొచ్చె, శీలావతిలో అది తక్కువే. కవళ్లు పెనం మీద వేసి చూడండి, పోసిన నూనె కంటే అవి వదిలే నూనే ఎక్కువ కనిపిస్తుంది.

ఇంకోటి. ఐస్ లేకుండా ఎండలో పెట్టిన కానాగంతలు ఎంత చవగ్గా ఇచ్చినా కొనొద్దు. రెండేళ్ల కింద మా బావమరిది సాయంత్రం బేరంలో తెచ్చాడు. పులుసు తిన్న అరగంటకే ముగ్గురికి ముఖం ఎర్రగా కందిపోయి ఒళ్లంతా దురద. చేప పడలేదేమో అనుకున్నాం. డాక్టరు చెప్పింది వేరే: వెచ్చగా నిలవున్న ఇలాంటి చేపల్లో హిస్టమిన్ అని దురద పుట్టించే పదార్థం తయారవుతుందట, ఎంత ఉడికించినా పోదట.

మందులషాపు అన్న (కావలి):
నేను మాత్రలు అమ్మేవాణ్నే, అయినా ఉన్నమాట చెప్తా. డబ్బా ముందు 1000 మిల్లీగ్రాములు అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అది మొత్తం నూనె బరువు. వెనక చిన్నక్షరాలు చదవండి. చేప నూనెలో ఒమేగా-3 అంటే ముఖ్యంగా ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. అనే రెండు రకాలు. మామూలు మాత్రలో ఇ.పి.ఎ. 180, డి.హెచ్.ఎ. 120, కలిపి 300 మిల్లీగ్రాములు. మనకి కావాల్సింది అంతే, మిగతాది వేరే కొవ్వు. నూరు గ్రాముల కవళ్లలో ఈ రెండూ కలిపి గ్రాముకు అటూ ఇటూ ఉంటాయి, అంటే మూడు మాత్రల పైమాటే.

పెన్నాగట్టు తమ్ముడూ, స్టెంట్ అన్నావు కాబట్టి నాయన రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుంటారు. చేప నూనె కూడా రక్తాన్ని కాస్త పలచన చేసేదే. రెండు మాత్రలతో కొంప మునగదు గానీ గుండె డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడేవాళ్లయితే డాక్టర్ని అడక్కుండా అసలే వద్దు. పన్ను పీకించుకునేటప్పుడు కూడా చెప్పాలి. "అది మందు కాదులే, చేపే కదా" అని దాచేస్తారు మనోళ్లు.

రిపోర్టుల పిచ్చోడు:
మాత్రల వల్ల గుండెకు మేలా అంటే, 2018లో వచ్చిన వైటల్ అనే పెద్ద అధ్యయనం చూడండి. 25,871 మందిలో సగం మందికి రోజుకు గ్రాము చేప నూనె, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు చావులు కలిపి లెక్కేస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే ఏడాది రెడ్యూస్-ఇట్ అని ఇంకోటి వచ్చింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు వాడుతున్నా ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్నవాళ్లకి రోజుకు 4 గ్రాముల శుద్ధమైన ఇ.పి.ఎ. మందు ఇస్తే గుండె ప్రమాదాలు నూటికి 25 వంతులు తగ్గాయి. అది మీ చెల్లెలు పంపిన డబ్బా కాదు, డాక్టరు రాసే మందు. దాంట్లోనూ కొందరికి గుండె లయ తప్పే జబ్బు పెరిగింది. కాబట్టి మామూలు మాత్రలే గుప్పెడు మింగి అంత మోతాదు తెచ్చుకుందామని చూడొద్దు.

బుజ్జిగాడి అమ్మ (ఒంగోలు):
మాత్రల సంగతి నాకు తెలీదు గానీ చేపల్లోనూ భయం ఉంది. నాకు కాన్పయ్యాక మా అత్తమ్మ వారానికి మూడుసార్లు సొర పుట్టు చేసి పెట్టింది, పాలు బాగా పడతాయని. మా పిల్లల డాక్టరమ్మ వినగానే ఆపేయమంది. సొర పెద్ద చేప, చిన్న చేపల్ని తిని బతుకుతుంది, వాటిల్లోని పాదరసమంతా దాని కండలో పేరుకుంటుందట. గర్భిణులు, బాలింతలు, చిన్న పిల్లలు తినకూడదట. అత్తమ్మ రెండు రోజులు అలిగింది. "నేను నలుగురిని కన్నా" అంది. చివరికి చిన్న చేపలు కదా అని నెత్తళ్ల దగ్గర ఇద్దరం రాజీపడ్డాం.

కొత్తపట్నం కెరటం:
అక్కా, సొర గురించి మా ఇళ్లలో అట్టా అంటే కొడతారు! కానీ నెత్తళ్లు మంచిదే. ఎండువైతే ఉప్పు చూసుకోండి, బీపీ ఉన్నవాళ్లకి అసలు పడదు.

అవిసెపొడి:
మాలాగా చేప ముట్టనివాళ్ల సంగతేంటి?

మందులషాపు అన్న (కావలి):
అవిసె గింజల్లో ఉండేది వేరే రకం ఒమేగా-3, ఒంట్లోకి వెళ్లాక అందులో కొంచెమే ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ.గా మారుతుంది. నాచు నుంచి తీసిన డి.హెచ్.ఎ. మాత్రలు దొరుకుతాయి. పాదరసం మాటకొస్తే ఆ అక్క చెప్పినట్టు అది కండలో ఉంటుంది, నూనెలోకి పెద్దగా రాదు. మాత్రలకు ఆ భయం తక్కువ. వాటి రోగం వేరు, లోపలి నూనె పాడై చేదెక్కడం. మన ఎండలకు కొరియర్ బండిలో వచ్చిన డబ్బా లోపల ఎట్టా ఉందో ఎవరికి తెలుసు? ఒక మాత్ర కోసి వాసన చూడండి.

పెన్నాగట్టు:
ఇప్పుడే కోశా. నిమ్మకాయ సెంటు కొట్టింది మొదట. వేలికి రుద్ది చూస్తే అడుగున పాత పెయింటు డబ్బా మూత తీసినట్టు కంపు. అమ్మకి వాసన చూపించా, ఏమీ అనలేదు, నవ్వింది. డబ్బా తయారై ఏడాదిన్నర అయింది, గడువు ఇంకా ఆరు నెలలుంది.

పెన్నాగట్టు (నాలుగు రోజుల తర్వాత):
డాక్టరుకు చూపించాం. ఆ డబ్బా పక్కన పెట్టేయమన్నారు. వారానికి రెండుసార్లు చేప తినమన్నారు, వేపుడు కాకుండా. ట్రైగ్లిజరైడ్స్‌కి ముందు తీపి, అన్నం తగ్గించి మూడు నెలల తర్వాత మళ్లీ రక్తపరీక్ష, అప్పటికీ తగ్గకపోతే మందు సంగతి చూద్దామన్నారు. చెల్లెలు ఫోన్లో కాసేపు గొణిగింది.

నాయన అసలు బాధ ఇప్పుడు బయటపడింది. ఆయనకి పులుసులోకి అన్నం కుప్పగా కావాలి. నిన్న అమ్మ మామిడికాయ వేసి కవళ్ల పులుసు పెట్టి, రెండే గరిటెలు అన్నం వడ్డించింది. "ఆ మాత్రలే నయం" అన్నాడు.

కొత్తపట్నం కెరటం:
ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం, జూన్ 14 దాకా ఇంజను బోట్లు కదలవు. ఆ 61 రోజులూ మార్కెట్లో "ఈ రోజు పట్టిందే" అని ఎవరన్నా అంటే మొప్పలు ఎత్తి చూసి కొనండి అన్నా.