జీతం కంటే ముందే ఈఎంఐ, ఆపైన బ్యాంకు కోతలు: మైనస్‌లో పడ్డ ఖాతాని ఎలా తేల్చాలి?

బీసెంట్‌రోడ్డు_పద్దులు (విజయవాడ)

మా షాపులో పనిచేసే కుర్రాడి ఖాతా గురించి అడుగుతున్నాను. పాత యజమాని ఒక ప్రైవేటు బ్యాంకులో జీరో బ్యాలెన్స్ జీతం ఖాతా తెరిపించారు. ఇప్పుడు జీతం 13,500, నెలలో 7 నుంచి 10 లోపు చేతికే ఇస్తాం. ఫోన్ లోను ఈఎంఐ 1,890 మాత్రం 5వ తేదీన ఆ పాత ఖాతా మీదికే వస్తుంది. పోయిన నెల మొదట్లో అందులో ఉన్నది 212. తర్వాత స్టేట్‌మెంట్ ఇదీ:

5వ తేదీ, ఏసీహెచ్ రిటర్న్ (డబ్బు లేక ఈఎంఐ తిరిగిపోయిన బౌన్స్ ఛార్జీ): 590
8వ తేదీ, మళ్ళీ ఏసీహెచ్ రిటర్న్: 590
9న ఏటీఎం డిక్లైన్, రెండుసార్లు: 59
ఎస్సెమ్మెస్ ఛార్జీ: 17.70
నెలాఖరున మినిమమ్ బ్యాలెన్స్ ఛార్జీ: 354

ఇప్పుడు మైనస్ 1,398.70 చూపిస్తోంది. ఫైనాన్స్ కంపెనీ తన బౌన్స్ ఛార్జీ వేరే వేసింది. బ్యాంకుకెళ్తే "ఓవర్‌డ్రాఫ్ట్ అయింది, కట్టేయండి" అన్నారట. ఇందులో ఎంత కట్టాలి, ఎంత అడగొచ్చు, వచ్చే నెల మళ్ళీ ఇదే జరగకుండా ఏం చేయాలి?

పాస్‌బుక్కు_పంతులు (గుంటూరు)

ముందు ఆ మాట సరిచేసుకుందాం. ఓవర్‌డ్రాఫ్ట్ అంటే బ్యాంకు ఒప్పుకుని ఇచ్చే అప్పు. మామూలు సేవింగ్స్ ఖాతాకి అది ఉండదు. ఇక్కడ ఆ అబ్బాయి ఒక్క రూపాయి కూడా అదనంగా వాడుకోలేదు, మైనస్ మొత్తం ఛార్జీలదే. అందుకే మొత్తాన్ని ఒకే ముద్దగా చూడకుండా విడగొట్టాలి.

354 సంగతి: 2014 నవంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో మూడు ముక్కలు గుర్తుపెట్టుకోండి. బ్యాలెన్స్ తగ్గిందని ముందు ఎస్సెమ్మెస్సో, మెయిలో, ఉత్తరమో పంపి నెల గడువివ్వాలి. కోత తగ్గిన మొత్తానికి తగ్గట్టే ఉండాలి. కేవలం మినిమమ్ బ్యాలెన్స్ ఛార్జీ వల్ల సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి పోకూడదు. మీ లెక్కలో 354 అంటే బహుశా తగ్గిన 5,000కి 6 శాతం 300, దానిపై 18 శాతం జీఎస్టీ 54. అప్పటికే ఖాతా మైనస్‌లో ఉండగా దీన్ని వేసి ఇంకా లోతుకి దించారు కాబట్టి, ఇది వెనక్కి వేయమని గట్టిగా అడగదగ్గ పద్దు.

590 రెండూ వేరు. పై నియమం బౌన్స్ ఛార్జీకి వర్తించదు, ఖాతా ఖాళీ అయినా వేస్తారు. వాటిని దయతో మాఫీ చేయమని అడగాలే తప్ప నియమం చూపించి కొట్టలేం. ఈ తేడా తెలీక చాలామంది మొత్తం మీద పోట్లాడి, న్యాయంగా రావాల్సిన 354 కూడా పోగొట్టుకుంటారు. అది వెనక్కొస్తే మిగిలేది మైనస్ 1,044.70.

జీరో బ్యాలెన్స్ ఖాతాకి మినిమమ్ ఎలా వచ్చిందంటారా, సాధారణంగా వరసగా మూడు నెలలు జీతం పడకపోతే బ్యాంకు దాన్ని మామూలు సేవింగ్స్‌గా మార్చేస్తుంది. ఉద్యోగం మారినవాళ్ళు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే.

ఆటోనగర్_బోల్టు

ఇంత గొడవెందుకండీ, నెట్ బ్యాంకింగ్‌లోకెళ్ళి మాండేట్ (ఈఎంఐ లాక్కోమని ఇచ్చిన అనుమతి) క్యాన్సిల్ కొట్టండి. లాగేవాడే ఉండడు, బౌన్సే ఉండదు.

కిస్తీ_కాగితం (విజయవాడ)

బోల్టు గారూ, మాండేట్ పోతే అప్పు పోదు కదా. ఆ నెల నుంచి ఈఎంఐ ఆలస్యం కింద అప్పుల చరిత్ర రాసే సిబిల్‌కెక్కుతుంది. పైగా డబ్బు లేక ఎలక్ట్రానిక్ చెల్లింపు తిరిగొస్తే 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షను కింద చెక్ బౌన్స్ లాగే కేసు పెట్టే వీలు కూడా ఉంది. చిన్న ఫోన్ లోనుకి అంతదూరం రారనుకున్నా, ఆ దారిలో నడవక్కర్లేదు. కొత్త మాండేట్ నడిచాకే పాతది తీసేయాలి.

అసలు జబ్బు తేదీలది. 5న లాగుడు, 7 తర్వాత జీతం. ఫైనాన్స్ కంపెనీకి రాతపూర్వకంగా రెండు అడగండి: ఈఎంఐ తేదీని 12కో 15కో మార్చడం, మాండేట్‌ని వేరే ఖాతాకి మార్చడం. తేదీ మార్చడానికి ఒప్పుకోకపోయినా ఖాతా మార్చడానికి చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. కొత్త మాండేట్ రిజిస్టర్ కావడానికి కొన్నాళ్ళు పడుతుంది, ఆ మధ్య వచ్చే ఈఎంఐ పాత ఖాతా మీదికే వస్తుందని లెక్కలో పెట్టుకోండి.

ఈ లోపు చేసే పొరపాట్లు చెప్తాను. ఒకటి, 5వ తేదీ పొద్దున ఫైనాన్స్ యాప్‌లో కట్టేసి నిశ్చింతగా ఉండటం. వసూలు ఫైలు అంతకు ముందే బ్యాంకుకి వెళ్ళిపోయి ఉంటుంది, కాబట్టి మీరు కట్టినా అది ఖాతా మీదికి వచ్చి బౌన్స్ అవుతుంది. యాప్‌లో కట్టేట్టయితే నాలుగైదు రోజుల ముందే కట్టాలి. లేదా 4వ తేదీ రాత్రికి డబ్బు ఖాతాలో ఉండాలి, ఎందుకంటే లాగుడు తెల్లవారుజామునే అయిపోవచ్చు. రెండు, ఆదివారమో పండగో కదా అనుకోవడం. 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ (ఈ ఆటో వసూళ్ళ వ్యవస్థ) వారంలో ఏడు రోజులూ నడుస్తోంది. మూడు, ఒకసారి బౌన్సయ్యాక ఊరుకోవడం. మీ కుర్రాడికి 8న మళ్ళీ 590 పడింది అందుకే. మొదటి బౌన్స్ రోజే కంపెనీకి ఫోన్ చేసి "ఈఎంఐ నేనే కడతాను, మళ్ళీ ప్రెజెంట్ చేయొద్దు" అని చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకోవాలి.

ఒక్క ఊరట: 2024 ఏప్రిల్ 1 నుంచి, ఆలస్యానికి వేసే పెనాల్టీని అసలులో కలిపి దాని మీద వడ్డీ లాగడం కుదరదు. లోను స్టేట్‌మెంట్ తెప్పించుకుని ఆ వరస చూడండి.

 

బీసెంట్‌రోడ్డు_పద్దులు

చాలా థాంక్సండీ. ఇంకో చిక్కు. ఇంటి గ్యాస్ కనెక్షన్ అతని పేరునే ఉంది, దీపం పథకం డబ్బులు ఈ ఖాతాలోనే పడతాయి. పడగానే మైనస్ మింగేస్తుందా?

పాస్‌బుక్కు_పంతులు

మింగేస్తుంది. మైనస్‌గా చూపించకుండా "లీన్" (బాకీ మేరకు పట్టు) పెట్టిన ఖాతాలోనూ అంతే, ఏ డబ్బు పడినా ముందు పాత బాకీకే పోతుంది. కాబట్టి దాన్ని తీర్చడం కంటే ముందు కొత్త ఖాతా తెరిపించండి, అదీ వేరే బ్యాంకులో. అడగాల్సిన పేరు బేసిక్ సేవింగ్స్ డిపాజిట్ ఖాతా, లేదా జన్‌ధన్. మినిమమ్ అక్కర్లేదు, ఏటీఎం కార్డుకి ఛార్జీ లేదు, నెలకి కనీసం నాలుగు విత్‌డ్రాయల్స్ ఉచితం. అదే బ్యాంకులో మరో సేవింగ్స్ ఖాతా ఉంటే మాత్రం 30 రోజుల్లో మూసేయాలి. కౌంటర్లో "మామూలుదే తీసుకోండి" అంటారు, మీరు ఆ పేరే పట్టుకుని అడగండి. బేసిక్ ఖాతా వద్దనుకుంటే, మామూలు సేవింగ్స్‌లో కూడా స్టేట్ బ్యాంకు 2020లోనే, కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంకు 2025లో మినిమమ్ ఛార్జీ ఎత్తేశాయి.

ఖాతా తెరిచాక ఆగిపోవద్దు. ప్రభుత్వ డబ్బు ఖాతా నంబరు చూసి కాదు, ఆధార్ ఏ బ్యాంకుకి మ్యాప్ అయిందో చూసి పడుతుంది. కొత్త బ్రాంచిలో ఆధార్ సీడింగ్ (అనుసంధానం) ఫారం విడిగా ఇచ్చి, డీబీటీ (ప్రభుత్వం నేరుగా వేసే డబ్బు) ఇక్కడికే రావాలని టిక్ పెట్టించండి. తర్వాత మై ఆధార్ సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకు పేరుందో తెలుస్తుంది. పేరు మారేదాకా పాత ఖాతాలోనే పడుతుంది.

జన్‌ధన్‌లో 10,000 దాకా నిజమైన ఓవర్‌డ్రాఫ్ట్ ఉంది. ఆరు నెలలు ఖాతా సరిగా నడిచాక అడగొచ్చు, 2,000 వరకైతే షరతులు లేవు. వడ్డీ మాత్రం ఉంటుంది. రెండు రోజుల తేడాకి 590 పోగొట్టుకోవడం కంటే అది నయం, కానీ తేదీ మార్చుకుంటే దాని అవసరం కూడా రాదు.

కిస్తీ_కాగితం (విజయవాడ)

ఏటీఎం దగ్గర ఇంకో మాట. డిక్లైన్ ఒక్కోదానికి 25, జీఎస్టీతో 29.50. ముందు బ్యాలెన్స్ మొబైల్లో చూసుకుని కార్డు పెట్టండి.

ఇక అర్జీ. తెల్లకాగితం మీద ఖాతా నంబరు, 354 పడిన తేదీ, స్టేట్‌మెంట్‌లో ఉన్న వివరణ ఉన్నదున్నట్టు రాయండి. కింద నాలుగు అడగండి: నెల ముందు నోటీసు ఏ తేదీన ఏ నంబరుకి పంపారు, జీతం ఖాతాని మామూలుగా ఎప్పుడు మార్చారు, 354 వెనక్కి వేయండి, 590లలో రెండోదైనా మాఫీ చేయండి. రెండు ప్రతులు తీసుకెళ్ళి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయం అని వాళ్ళంటే అదే విషయం బ్యాంకు మెయిల్‌కి పంపి నంబరు తెచ్చుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి సీఎంఎస్ (ఫిర్యాదుల) పోర్టల్లో ఉచితంగా వేయొచ్చు. సందేహాలకి 14448. బ్యాంకుకి రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే తిప్పి పంపేస్తారు.

పరిష్కారం అయ్యాక మిగిలింది కట్టి, పాత ఖాతా మూయించి, మూసినట్టు కాగితం తీసుకోండి. వదిలేస్తే దానంతటదే పోతుందనుకోవద్దు. రెండేళ్ళు లావాదేవీలు లేక ఇనాపరేటివ్ అయిన ఖాతా మీదే మినిమమ్ ఛార్జీ వేయకూడదని నియమం ఉంది, ఆ రెండేళ్ళలోపు మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

ఆటోనగర్_బోల్టు

సరే, నా సలహా వెనక్కి తీసుకుంటున్నా. ఒక్కటి అడుగుతా, మే నెలాఖరులో 436, 20 అని రెండు కోతలు కనిపిస్తున్నాయి, అవి కూడా ఇదేనా?

పాస్‌బుక్కు_పంతులు

కాదు, అవి జీవన్ జ్యోతి, సురక్ష బీమా ప్రీమియంలు. ఏడాదికోసారే. అక్కర్లేకపోతే మే నెలలోపే బ్రాంచిలో ఆటో డెబిట్ ఆపమని రాసివ్వండి. కావాలంటే మే 25 నుంచి 456 అందులో ఉంచండి, లేకపోతే బీమా ఆగిపోతుంది.