పీసీఎల్ మైక్రోట్యూబులు చదునుగా అతుక్కుపోతున్నాయి, సాయం కావాలి

ప్రశ్న:
అందరికీ నమస్కారం. చెన్నై గిండీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నరాల కణాలు పెంచడానికి పీసీఎల్ (పాలీకాప్రోలాక్టోన్ అనే ప్లాస్టిక్) సన్న గొట్టాలు కావాలి. సన్నటి పీవీఏ (నీళ్లలో కరిగే పాలీవినైల్ ఆల్కహాల్) దారాన్ని క్లోరోఫాంలో కరిగించిన పీసీఎల్‌లో ముంచి, ఆరాక 80 డిగ్రీల నీళ్లలో వేసి లోపలి దారం కరిగిస్తున్నాను. తీసేసరికి గొట్టాలు చదునైపోతున్నాయి. పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) కూడా లోపలి గోడకే పట్టాలి, బయట వద్దు. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తమ్ముడూ, ముందు ఆ వేడి ఆపు. పీసీఎల్ 60 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, 80లో గొట్టం ఎలా నిలుస్తుంది? నీ పీవీఏ డబ్బా మీద హైడ్రాలిసిస్ శాతం (తయారీలో ఎసిటేట్ గుంపులు ఎంతమేర ఆల్కహాల్‌గా మారాయో) చూడు. 98-99 రకం వేడినీళ్లు లేనిదే కరగదు. 87-89 రకంతో దారం తీస్తే గోరువెచ్చని నీళ్లు చాలు. ఆ దారాన్ని ముందుగా వేడిచేయకు, స్ఫటికాలు పెరిగి మళ్లీ మొండికేస్తుంది. ముక్కలు పొట్టిగా కొయ్యి. నీళ్లు చివర్ల నుంచే లోపలికి పోవాలి కాబట్టి పొడవు రెట్టింపైతే సమయం సుమారు నాలుగింతలవుతుంది. కడిగిన నీళ్లలో అయోడిన్, బోరిక్ ఆమ్లం కలిపి చూడు. నీలం వస్తే పీవీఏ ఇంకా ఉన్నట్టే, అది గోడను కప్పేస్తే పెప్టైడ్‌కు చోటుండదు.

ఇంకొకటి, చెన్నై గాలి. క్లోరోఫాం ఆరేటప్పుడు పూత చల్లబడి, తేమ దానిమీద బొట్లుగా చేరుతుంది. ఆ బొట్లే రంధ్రాలవుతాయి. గోడ కారితే లోపల పోసిన ద్రావణం బయటికొస్తుంది, అప్పుడు ‘లోపల మాత్రమే’ అన్నది కుదరదు. ఫ్యూమ్ హుడ్‌లోనే, పొడి నైట్రోజన్ కింద ఆరబెట్టు.

తర్వాత గొట్టం చివర సూదికి అతికించి, పలచని సోడియం హైడ్రాక్సైడ్‌ను లోపల నుంచే పంపు. పీసీఎల్ గొలుసులోని ఎస్టర్ బంధాలు తెగి, పెప్టైడ్ అతుక్కునే కార్బాక్సిల్ గుంపులు బయటపడతాయి. ఎక్కువసేపు ఉంచితే గోడ పలచబడుతుంది, జాగ్రత్త. బాగా కడిగి, ఆ గుంపులను పెప్టైడ్‌తో కలిపే ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్ అనే రసాయనాలు పంపు, ఆపైన పెప్టైడ్. ట్రిస్ బఫర్ మాత్రం వాడకు, పెప్టైడ్ బదులు దాని అమీన్ గుంపే ముందు అతుక్కుంటుంది.

ప్రశ్న:
చాలా థాంక్స్ అక్కా. పీవీఏ పోయి ఆరిన గొట్టంలోకి మళ్లీ నీళ్లు ఎక్కట్లేదు. గాలి బుడగలు ఆగిపోతున్నాయి.

జవాబు:
పీసీఎల్ నీటిని దూరం పెడుతుంది. ముందు ఇథనాల్ పంపి, ఆగకుండా నీళ్లు పంపు. మధ్యలో ఆరనివ్వకు. రివ్యూకు ఫోటో కావాలంటే సోడియం హైడ్రాక్సైడ్ దశ తర్వాత ఒక ముక్కను టొలుయిడిన్ బ్లూలో (కార్బాక్సిల్ గుంపులకు పట్టే రంగు) ముంచు. ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి విరిచి చూడు, బ్లేడుతో కోస్తే అంచు సాగిపోతుంది. రంగు లోపలి అంచునే కనిపిస్తే పెప్టైడ్ దశకు వెళ్లు.