పాత కంప్యూటర్‌కు ఎస్ఎస్‌డీ: క్లోన్ చేయాలా, విండోస్ కొత్తగా వేయాలా?

నమస్కారం. పన్నెండేళ్లుగా వాడుతున్న మా డెస్క్‌టాప్, ఆన్ చేశాక పనికి సిద్ధం కావడానికి ఇప్పుడు ఐదారు నిమిషాలు తీసుకుంటోంది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉన్నా డిస్క్ వినియోగం మాత్రం 100 శాతం దగ్గరే నిలిచిపోతోంది కనుక, ఆలస్యమంతా హార్డ్ డిస్క్ వల్లనేనని భావించి, దాని స్థానంలో 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగవంతమైన నిల్వ పరికరం) అమర్చాలనుకుంటున్నాను.

మదర్‌బోర్డులో డిస్కులను కలిపే పోర్టులు సాటా 2 రకానివే. వాటి వేగం సెకనుకు 300 ఎంబీకి మించదు. అయినా రోజువారీ పనిలో కంప్యూటర్ చదివేవి ఎక్కువగా డిస్కులో చెల్లాచెదురుగా ఉండే చిన్న ఫైళ్లే కాబట్టి, ఆ పరిమితి వల్ల పెద్ద నష్టం ఉండదని నా అంచనా. ఇలాంటి పాత బోర్డుపై ఎస్ఎస్‌డీ వాడినవారి అనుభవం కూడా ఇదేనా?

నన్ను అసలు వేధిస్తున్న సందేహం వేరు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట పనిచేసే ప్రోగ్రామ్‌లో) సాటా మోడ్ ఐడీఈగా, అంటే డిస్కుతో సంభాషించే పాత పద్ధతిలో ఉంది. విండోస్‌లో తగిన డ్రైవర్‌ను ముందుగా సిద్ధం చేయకుండా దాన్ని కొత్త పద్ధతైన ఏహెచ్‌సీఐకి మారిస్తే, నీలి తెర వచ్చి కంప్యూటర్ ఆగిపోయే ప్రమాదం ఉంది. అందువల్ల పాత డిస్కులో ఉన్నదంతా యథాతథంగా ఎస్ఎస్‌డీలోకి నకలు (క్లోన్) చేసి, ఆ తర్వాత మోడ్ మార్చడం మేలా, లేక ముందే ఏహెచ్‌సీఐ పెట్టి విండోస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవడం మేలా? రెండోదే శుభ్రమైన మార్గమని తెలుసు గానీ, నాన్నగారు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్ సీడీ ఎప్పుడో కనిపించకుండా పోయింది.

క్లోన్ చేయవలసి వస్తే, 500 జీబీ డిస్కులో నిండిన 180 జీబీని 240 జీబీ ఎస్ఎస్‌డీలోకి మార్చడానికి ముందుగా పార్టిషన్లను (డిస్కులోని విభాగాలను) కుదించాలా? ర్యామ్ 4 జీబీ మాత్రమే ఉన్నందున, దాన్ని కూడా ఇప్పుడే పెంచడం అవసరమా అన్నది దయచేసి తెలియజేయగలరు.